వరుసలో చివరి కుర్చీ

ఫినోలా మారినన్ జీవితంలో సగం నాకు పోస్టుకార్డుల మీద తెలిసింది.

పశ్చిమ తీరంలో కిల్‌ఫార్నా అనే పల్లెలో పోస్టాఫీసు నాది. నాకు ముందు మా అత్తగారిది. ఇన్నేళ్లలో ఒక్క కవరు విప్పలేదు. కార్డు సంగతి వేరు. దారిలో ఎవరో ఒకరు చదువుతారని కార్డు రాసేవాళ్లకు తెలుసు.

1980లో, పద్దెనిమిదేళ్లకు, ఆమె డబ్లిన్ వెళ్లింది. తల్లి లేదు. తండ్రి ఆస్టిన్ పాలకేంద్రంలో పనిచేసేవాడు. నెలకొక కార్డు వచ్చేది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని దొరికిందని మొదటి కార్డు. సాయంత్రాలు ఒక పబ్బులో కన్సర్టీనా వాయిస్తున్నానని, తాగడానికి ఊరికే ఇస్తున్నారని ఇంకొకటి. మరుసటి ఏడు నుంచి ఫ్యాక్టరీ మాట రాలేదు, అన్నీ నాటకాల కబుర్లే. నాటకాల వాళ్లతో కలిసిందని మాకు అలా తెలిసింది.

వాళ్లకు నాటకశాల లేదు. ఒక నాటకం బస్సు పై అంతస్తులో ఆడారు. ఒకటి ఆసుపత్రి వార్డులో, మంచాల మధ్య. ఒకటి దీవికి వెళ్లే పడవలో. అలలు పెద్దవై దాన్ని సగంలో ఆపేశారు. "చూసేవాళ్లు కక్కుకున్నారు, మేమూ కక్కుకున్నాం" అని రాసింది. ఆస్టిన్ ఆ కార్డు కౌంటరు దగ్గరే చదివి నవ్వాడు. నేను అప్పటికే నవ్వి ఉన్నాను. మళ్లీ నవ్వలేదు.

"ఇదీ ఒక ఉద్యోగమేనా టెస్?" అన్నాడు.

"జీతం ఇస్తే ఉద్యోగమే."

"ఇస్తున్నట్టు రాయలేదు మరి."

ఆమెకు కన్సర్టీనా నేర్పింది నోనీ టాల్టీ. అది రెండు అరచేతుల మధ్య పట్టే పెట్టె. లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం. నోనీ పెళ్లి చేసుకోలేదు. సముద్రం వైపు దారిలో చివరి ఇల్లు ఆమెది. వంటింట్లో ఆరు కుర్చీలు, ఆరుగురు పిల్లలు, వారానికి రెండు సాయంత్రాలు. వాయించే ముందు, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే, మడమతో వెనక తలుపు మూసేది. కోళ్లు రాకుండా. తల్లిలేని ఫినోలా తొమ్మిదో ఏట నుంచి ఊరు విడిచేదాకా ఆ వంటింట్లోనే పెరిగిందని చెప్పవచ్చు. డబ్లిన్‌లో ఏ పాట వాయించినా, ఇది మిస్ టాల్టీ దగ్గర నేర్చుకున్నానని అందరి ముందు చెప్పేదట. మా వైపు వాయించేవాళ్లకు అది పద్ధతి.

1985 అక్టోబరులో డబ్లిన్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. ఫినోలా తానే రాసి, ఒక్కతే ఆడిన నాటకం గురించి. పశ్చిమ తీరంలో ఒక పల్లె. పెళ్లి కాని ఒకామె వంటింట్లో పిల్లలకు సంగీతం నేర్పుతుంది. వాయించే ముందు మడమతో తలుపు మూస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఒక బిడ్డను కని, కాన్వెంటు సన్యాసినుల చేతిలో పెట్టి వచ్చింది. ఆ సంగతి ఊరికి తెలియదు.

మా ఊళ్లో అది ముందు చదివింది నేను. పత్రికలు నా దగ్గరికే వస్తాయి. మడమ దగ్గర ఆగాను. తర్వాత బిడ్డ దగ్గర ఆగాను. మొదటిది నిజమని నాకు తెలుసు. కాబట్టి రెండోదీ నిజమే అనుకున్నాను.

సాయంత్రానికి ఊరంతా అలాగే అనుకుంది.

నోనీకి చూపించాలని నాకే తోచింది. ఆమెకు తెలియాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ముఖం ఎలా మారుతుందో చూడాలని అసలు కోరిక అయి ఉంటుంది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది. పత్రిక మడిచి తిరిగి ఇచ్చింది. ఒక స్టాంపు కొంది. ఉత్తరాలు రాసే మనిషి కాదు. వెళ్లిపోయింది. ముఖం మారలేదు. నా మట్టుకు అదే రుజువైంది.

క్రిస్మస్ నాటికి ఆరుగురు పిల్లలు ముగ్గురయ్యారు. ఈస్టర్ నాటికి ఎవరూ లేరు. ఒకరికి పరీక్షలన్నారు. ఒకరికి దారి దూరమన్నారు, ఆ దారి అంతకుముందు ఎంతో అప్పుడూ అంతే. ఎవరూ కారణం చెప్పలేదు. ఎవరూ నోనీని అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాం.

ఫినోలా ఆమెకు ఉత్తరాలు రాసింది. నోనీ ప్రతి కవరు మీద "పంపినవారికి తిరిగి" అని రాసి కౌంటరు మీద పెట్టేది. తొమ్మిది కవర్లు అలా తిరిగి వెళ్లాయి. పదోది రాలేదు. "మిస్ టాల్టీకి నా మీద కోపమెందుకు నాన్నా?" అని ఒక కార్డు వచ్చింది. "నువ్వు ఆవిణ్ణి నాటకంలో పెట్టావంటున్నారు" అని ఆస్టిన్ రాశాడు. అంతకు మించి రాయడం ఆయన వల్ల కాలేదు. ఆ కార్డు కూడా నేనే పంపాను.

ఆ తర్వాత ఆమె ఎక్కడెక్కడో తిరిగింది. గ్లాస్గోలో జైలు ఖైదీల చేత ఒక నాటకం ఆడించింది. చెవిటి పిల్లల బడిలో రెండేళ్లు ఉంది. వాళ్లు నేల మీద అరచేతులు ఆనించి ఆమె సంగీతం వినేవారట. ఒక బహుమతి వచ్చింది. ఒకసారి మణికట్టు విరిగింది.

1990లో ఆస్టిన్ చనిపోయాడు. ఫినోలా వచ్చి, ఒక్కతే కూతురు కాబట్టి, చావింట్లో గోడ వెంట వేసిన కుర్చీల్లో మేనత్తల పక్కన కూర్చుంది. ఊరంతా వరుసగా వెళ్లి ఒక్కొక్కరికీ చేయి ఇచ్చి, మీ కష్టానికి బాధగా ఉందని చెప్పింది. మా దగ్గర ఆ వరుసలో ఎవరినీ వదిలిపెట్టకూడదు. కోర్టు దాకా వెళ్లినవాళ్లు కూడా అక్కడ చేతులు కలుపుతారు, బయటికొచ్చాక మళ్లీ మాట్లాడుకోరు. ఆ రెండు రోజులూ నోనీకి జ్వరం. ఆ జ్వరం ఏమిటో అందరికీ తెలుసు.

1996 వేసవిలో ఫినోలా ఒక పాత వ్యానులో తిరిగి వచ్చి తండ్రి ఇంట్లో దిగింది. ముప్పై నాలుగేళ్లు. సెప్టెంబరులో ఒకరోజు మైకో కిన్నేన్ నా కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. అతను ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఊరి హాలు కమిటీకి పెద్ద.

"ఆస్టిన్ కూతురికి హాలు కావాలట. నాటకానికి."

"ఏం నాటకం?"

"చావిల్లట. మధ్యలో శవపెట్టె, పక్కన చుట్టాలు."

"పెట్టెలో ఎవరు?"

"నేనూ అదే అడిగా. ఎవరూ లేరు మైకో, ఖాళీ పెట్టే అంది. ఖాళీ పెట్టె కోసం ఎన్నిస్ టౌను నుంచి నలుగురు నటులెందుకు తల్లీ అన్నా." గొంతు తగ్గించాడు. "మా అన్న పాట్సీయే అయ్యుంటాడు. వాడి చావులో వీలునామా గురించి కొట్టుకున్నాం కదా."

"ఈ ఊళ్లో మీరొక్కళ్లే కొట్టుకున్నారా?"

"అందరూ కొట్టుకున్నారు. గట్టిగా కొట్టుకుంది మాత్రం మేమే," అన్నాడు, కొంచెం గర్వంగా.

కమిటీ ఒక్క ఆదివారం ఇచ్చింది. హాల్లో ఎనభై కుర్చీలు. సగమైనా నిండాలి. నిండకపోతే తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యాలి, మళ్లీ అడగకూడదు. ఫినోలా సరేనంది. ఆ తర్వాత స్టాంపులకు వచ్చి, కొనకుండా నిలబడింది.

"మిసెస్ గారహీ, మిస్ టాల్టీ వస్తారంటారా?"

"నన్నడుగుతావేంటమ్మా? వెళ్లి ఆవిణ్ణే అడుగు."

"వెళ్లా. తలుపు తియ్యలేదు."

"మరి జవాబు దొరికినట్టేగా."

"ఆవిడ రాకపోతే ఎవరూ రారు."

"రారు," అన్నాను. "నాకు తెలీకడుగుతా, నీకు ఈ ఊరే ఎందుకు? నాటకం ఆడుకోవడానికి దేశంలో బస్సుల్లేవా?"

ఆమె నవ్వలేదు. "పదహారేళ్లు ఆడిన చోటల్లా మర్నాడు వదిలేసి పోయా. ఒకచోట ఉండి ఆడదామనుంది. ఇక్కడ కుదరకపోతే ఇల్లు అమ్మేసి వెళ్లిపోతా. మళ్లీ రాను."

అది నిజంగానే చెప్పిందో, నా నోటి గుండా ఊరికి చేరాలని చెప్పిందో తేల్చుకోలేకపోయాను. ఊరికి మాత్రం చేర్చాను.

హాలు కిటికీలకు లోపలినుంచి గోధుమరంగు కాగితం అంటించారు. అది ఎవరికీ నచ్చలేదు. ఒక పార్సెల్ వచ్చిందని వంక పెట్టుకుని నేను స్వయంగా వెళ్లాను. తలుపు అవతల కన్సర్టీనా. తర్వాత నవ్వులు. నేను తట్టగానే రెండూ ఆగిపోయాయి. ఒక కుర్రవాడు తలుపు రెండు అంగుళాలు తెరిచి పార్సెల్ తీసుకుని మూసేశాడు. చావింటి నాటకంలో నవ్వేదెవరిని చూసి? ఆ ప్రశ్న ఆ రోజే దుకాణంలో నలుగురి ముందు వేశాను. నలుగురూ తలా ఒక పేరు చెప్పారు. ఎవరింట్లో పోయినవాళ్ల పేరు వాళ్లు చెప్పారు.

శుక్రవారం నోనీ పింఛను కోసం వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిది.

"ఆదివారం ఎన్నింటికి?" అంది.

"మూడింటికి. నువ్వు వెళ్తావా ఏంటి?"

"వెళ్తా."

"నీకెందుకొచ్చిన బాధ నోనీ. నేను చూసొచ్చి చెప్తాగా, నువ్వందులో ఉన్నావో లేదో."

"పోయినసారి నీ కళ్లతోనే చూశా," అంది. "ఈసారి నావి తీసుకెళ్తా."

నోనీ వెళ్తోందన్న సంగతి చాలింది. ఇంట్లో ఉండిపోయినవాళ్లు నాటకంలో తమను చూపించినా తెలుసుకోలేరు కదా. అందరూ బయల్దేరారు.

ఆ హాల్లో వేదిక ఉంది. ఫినోలా దాన్ని వాడలేదు. మమ్మల్ని పక్క తలుపులోంచి రమ్మంది. లోపలికి అడుగు పెట్టగానే ఎడమ గోడ వెంట ఐదు కుర్చీలు, నల్లబట్టల్లో ఐదుగురు. వాళ్ల ఎదుట మూత వేసిన పెట్టె, రెండు కొవ్వొత్తులు. మా కుర్చీలు వాటికి అవతల. మేం వాళ్ల ముందు నుంచి నడిచి వెళ్లి కూర్చుంటే, నాటకం మొదలవ్వాలి.

ముందు మైకో వెళ్లాడు. టోపీ తీశాడు. మొదటి నటుడి చేయి పట్టుకుని, "మీ కష్టానికి బాధగా ఉందండీ" అన్నాడు. రెండో కుర్చీ. "మీ కష్టానికి బాధగా ఉందండీ." మూడోవాడితో "మంచి మనిషి" అని కూడా అన్నాడు. ఐదుగురూ అయ్యాక పెట్టె ముందు శిలువ గుర్తు వేసుకుని, వెళ్లి కూర్చుని, అప్పుడు వెనక్కి చూశాడు. ముఖం ఎర్రబడింది. అప్పటికి వెనక పన్నెండు మంది వరుస కట్టి ఉన్నారు. టోపీలన్నీ చేతుల్లో ఉన్నాయి.

మా చేతులు మమ్మల్ని అడగలేదు. గోడ వెంట నల్లబట్టల్లో కూర్చున్న మనుషులను దాటి పోవడం మాకు చేతకాదు. నాలుగో కుర్చీలోని అమ్మాయి ఎన్నిస్‌లో మందుల షాపులో పనిచేస్తుందని నాకు తెలుసు. అయినా ఆమె చేయి పట్టుకుని, "పాపం, బాధపడకుండా పోయాడా?" అని అడిగాను.

"నిద్రలోనే అండీ," అంది ఆ అమ్మాయి, కళ్లు పెద్దవి చేసి.

ఐదో కుర్చీలో ఫినోలా. నల్ల శాలువా తలమీద కప్పుకుని, తల దించుకుని ఉంది. చనిపోయినవాడి చెల్లెలి వేషం. ఆమెకూ ఇచ్చాను. నా వెనక నోనీ ఉంది.

నోనీ నలుగురికీ చేయి ఇచ్చింది. ఐదో కుర్చీ ముందుకొచ్చింది. చేయి చాచింది. "మీ కష్టానికి," అంది. అప్పుడు ఫినోలా తల ఎత్తింది.

చేయి చేతిలో ఉంది. వెనక వరుస ఆగిపోయింది. నోనీ చేయి లాక్కుంటుందని నేను చూస్తున్నాను, హాలంతా చూస్తోంది. లాక్కుంటే వరుసలో ఒకరిని వదిలినట్టు. ఆమె లాక్కోలేదు.

"బాధగా ఉంది," అని పూర్తి చేసింది.

"వచ్చినందుకు సంతోషం మిస్ టాల్టీ," అంది ఫినోలా. అది ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా అనే మాటే. గొంతు మాత్రం వేషంలోది కాదు.

అందరి చేతులూ అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. డెబ్బై మూడు మంది వచ్చారు. నటులు అంతసేపూ కూర్చుని చేతులిచ్చారు, చివరికి వాళ్ల ముఖాలు నిజంగానే చావింటి ముఖాలయ్యాయి.

నాటకం చిన్నది. వచ్చినవాళ్లంతా చనిపోయినవాణ్ణి పొగుడుతారు. చెల్లెలు వింటుంది. ఎంత విన్నా ఆ మంచివాడిలో తన అన్న కనిపించడు. చివర ఆమె కన్సర్టీనా తీసి, అతను నచ్చదని చెప్పిన పాటే వాయిస్తుంది. అందులో మాలో ఎవరూ లేరు. వీలునామా కూడా లేదు. మైకో కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

చప్పట్లు కొట్టాం, గట్టిగా కాదు. నోనీ లేచి నిలబడింది.

"అమ్మాయ్."

"చెప్పండి మిస్ టాల్టీ."

"ఇందులో నేను లేను."

"లేరు."

"డబ్లిన్ దాంట్లో ఉన్నానా?"

ఫినోలా శాలువా తీసేసింది. "ఉన్నారు. మడమతో తలుపు మూయడం మీదే. అడక్కుండా తీసుకున్నా. అందుకే ఉత్తరాలు తిప్పి పంపారని నాకు తెలుసు. తప్పు నాదే."

"తలుపా?"

"తలుపే."

"ఒక తలుపు కోసం పదకొండేళ్లు అలిగి కూర్చునే దద్దమ్మలా కనిపిస్తున్నానా నీకు?"

వెనకెవరో నవ్వబోయి మానుకున్నారు.

"మరి దేనికండీ?"

"బిడ్డ."

"ఏ బిడ్డ?"

"నీ నాటకంలో బిడ్డ. అదెవరి బిడ్డ?"

"ఎవరి బిడ్డా కాదు. కూర్చుని కల్పించా. ఆ మనిషికి మోయడానికి ఒక బరువు కావాల్సొచ్చింది." ఆగింది. నోనీని చూసింది. తర్వాత మమ్మల్ని, ఒక్కొక్క వరుసనూ. "మీదనుకున్నారా? వీళ్లు మీదనుకున్నారా?"

"పిల్లల్ని పంపడం మానేశారు," అంది నోనీ. "నాకు బిడ్డ లేదని నాకు తెలుసు. నాకు చెప్పక్కర్లేదు. అటు తిరిగి చెప్పు."

ఫినోలా మా వైపు తిరిగింది. "ఆ బిడ్డను నేనే కల్పించాను. మిస్ టాల్టీ గురించి నాకు అలాంటిదేదీ తెలీదు. తెలియడానికి ఏమీ లేదు."

"గట్టిగా చెప్పు. వెనక కమిటీవాళ్లున్నారు."

ఫినోలా మళ్లీ చెప్పింది. ఈసారి కిటికీల మీది కాగితం అదిరింది.

"ఒక్కరు అడిగుంటే చెప్పేదాన్ని," అంది నోనీ మాతో. "ఆదివారం ఆదివారం చర్చి పూజలో నా పక్కనే మోకరించారు. ఒక్కరు." తర్వాత ఫినోలాతో, "నువ్వేం తక్కువ కాదు. నా ఊరు పెట్టి, నా అలవాటు పెట్టి, దాని పక్కన నాది కానిది పెట్టావు. వీళ్లేమనుకుంటారనుకున్నావు?"

"అనుకోలేదు."

"అదే మరి."

చివరికి మైకో లేచి, "టీ పెట్టమంటారా?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియలేదు. అతనికి అంతకంటే తోచి ఉండదు. నోనీ ఒక కప్పు తీసుకుంది, నిలబడే తాగింది. ఫినోలా ఆమె పక్కన నిలబడింది. వెళ్లేటప్పుడు ఫినోలా ఆమెను వ్యాను ఎక్కించుకుంది.

తాళంచెవి ఫినోలా దగ్గరే ఉంది. ఇప్పటికి ఆ హాల్లో మూడు నాటకాలు ఆడింది. ఇద్దరు తల్లులు పిల్లలను మళ్లీ పంపుతామని నోనీకి కబురు పెట్టారు. ఆలోచిస్తానందట.

ఒకసారి ఫినోలాను సూటిగా అడిగాను.

"నిజం చెప్పు. ఆ కుర్చీలు కావాలనే అలా వేశావు కదూ, ఆవిడ చేయి ఇవ్వక తప్పకుండా?"

"లేదు మిసెస్ గారహీ. డబ్లిన్‌లో మా స్నేహితులొస్తే ఇలాగే వేసి ఆడి చూశాం. నేరుగా వెళ్లి కూర్చున్నారు. ఇక్కడా అలాగే కూర్చుంటారనుకున్నా. ఇక్కడివాళ్లెలా ఉంటారో మర్చిపోయా."

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర కారణమేమీ లేదు.

ఆ ఆదివారం తర్వాతి శుక్రవారం నోనీ పింఛనుకు రాలేదు. సోమవారం ఒక ఫారం వచ్చింది. ఆమె పింఛను లిస్కీన్ పోస్టాఫీసుకు మార్చమని. ఏడు మైళ్లు. కారణం రాయడానికి ఫారంలో గడి లేదు. ముద్ర వేసి పంపాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పదింటికి వ్యాను నా కిటికీ ముందు నుంచి వెళుతుంది. ముందు సీట్లో నోనీ. పన్నెండింటికి తిరిగి వస్తుంది. నోనీ ఏదో చెబుతూ ఉంటుంది, ఫినోలా రోడ్డు మీద చూపుంచి నవ్వుతూ ఉంటుంది. లిస్కీన్‌లో పోస్టాఫీసు తప్ప ఏమీ లేదు. అక్కడ పనిచేసే ఆవిణ్ణి ఫోనులో అడిగాను. పది నిమిషాల్లో వెళ్లిపోతారంది. మిగిలిన సమయం ఎక్కడ గడుపుతారో, నా గురించి ఏమనుకుంటారో ఎవరూ చెప్పరు.

నోనీనే అడగవచ్చు. నడిస్తే ఐదు నిమిషాలు. ఇంకా వెళ్లలేదు.